నిషి కసాయ్ స్టేషన్, దాని చుట్టూ ఉన్న పేట: ఒక వాల్తేరు గార్డు చూసినంత

మా అమ్మాయి, అల్లుడు టోక్యోలో ఉంటారు. వాళ్ల దగ్గరికి నేనూ మా ఆవిడా రెండుసార్లు వెళ్లాం, 2019 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఒకసారి, 2024 మార్చి నుంచి జూన్ దాకా ఇంకోసారి. రెండుసార్లూ ఉన్నది ఒకే స్టేషన్ పక్కన, దాని పేరు నిషి కసాయ్. ఈ మధ్య విశాఖలో మా మర్రిపాలెంలోనే నలుగురైదుగురు నన్ను ఆపి, "మా పిల్లలు కూడా అక్కడే ఇల్లు తీసుకున్నారండీ, ఎలా ఉంటుంది, మేం సొంతంగా బయట తిరగగలమా" అని అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నాను. నేను రైల్వేలో, వాల్తేరు డివిజన్‌లో ముప్పై మూడేళ్లు రైలు గార్డుగా చేసి 2017లో రిటైర్ అయ్యాను కాబట్టి ఇందులో స్టేషన్ గురించే ఎక్కువ ఉంటుంది.

మార్కులు ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగున్నర. నా లెక్క ఇది: ఆ ఊరి భాష ఒక్క ముక్క రాని, అరవై దాటిన మనిషి, పిల్లలకి ఫోన్ చేయకుండా, ఎవరినీ బతిమాలకుండా, టెన్షన్ లేకుండా ఇంట్లోంచి బయల్దేరి రైలెక్కి, పని చూసుకుని మళ్లీ ఇంటికి రాగలిగితే అది మంచి స్టేషన్. నేను వెళ్లిన రెండో వారం నుంచే అలా తిరిగాను. మా ఆవిడ నెల రోజులయ్యాక ఒక్కతే రైలెక్కి పక్క స్టేషన్‌కి వెళ్లి వచ్చింది. విశాఖలో ఆమె ఎప్పుడూ ఒంటరిగా రైలెక్కలేదు, గార్డు భార్య అయి ఉండి కూడా.

చూడ్డానికి మాత్రం ఇది గొప్ప స్టేషన్ కాదు. స్తంభాల మీద లేపిన లైను, పైన పట్టాలు, కింద గేట్లు, ఆ వంతెన కిందే వరసగా కొట్లు, అటొక బస్టాండ్ ఇటొక బస్టాండ్, అంతే. ఎదురెదురుగా రెండు ప్లాట్‌ఫారాలు, మధ్యలో రెండు లైన్లు. ఎందుకలా కట్టారో రైల్వేలో పనిచేసినవాళ్లకి చరిత్ర తెలిస్తే ఇట్టే అర్థమవుతుంది. ఈ మెట్రో లైను పేరు తోజాయ్, అంటే తూర్పు పడమర. నకానో నుంచి నిషి ఫునబాషి దాకా 30.8 కిలోమీటర్లు, 23 స్టేషన్లు. ఈ వైపు లైను 1969 మార్చిలోనే వేశారు, కానీ నిషి కసాయ్ స్టేషన్ తెరిచింది 1979 అక్టోబరు 1న. మధ్యలో పదేళ్లు రైళ్లు ఇక్కడ ఆగకుండానే పోయాయన్నమాట. దక్షిణాన సముద్రాన్ని పూడ్చి కొత్త నేల తీసి, దాని మీద అపార్ట్‌మెంట్లు లేచి, జనం పెరిగాక నడుస్తున్న లైనుకే ఇటూ అటూ ప్లాట్‌ఫారాలు అతికించారు. పట్టాలు కదపకుండా స్టేషన్ కట్టాలంటే అదే సులువైన దారి.

ఇప్పుడు అసలు సంగతి, భాష రాని వాడికి అది ఎలా పనికొస్తుందో చెప్తాను. ప్రతి లైనుకీ ఒక రంగు, ఒక ఇంగ్లీషు అక్షరం, ప్రతి స్టేషన్‌కీ ఒక నంబరు ఉంటాయి. తోజాయ్ లైను రంగు ఆకాశనీలం, అక్షరం టీ. నిషి కసాయ్ నంబరు 16, కాబట్టి టీ 16. పక్కన ఉన్న కసాయ్ టీ 17, ఇటు పక్క మినామి సునమాచి టీ 15. ఈ నంబర్ల పద్ధతి 2004లో పెట్టారు. స్టేషన్ పేరు నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు, నీలం రింగులో 16 కనపడితే దిగడమే. మా ఆవిడకి నేను నేర్పింది ఇదొక్కటే, "నంబరు పెరుగుతోందా తగ్గుతోందా చూసుకో, తగ్గుతుంటే నువ్వు ఊళ్లోకి వెళ్తున్నట్టు, పెరుగుతుంటే ఇంటి వైపు వస్తున్నట్టు, పదహారు దాటితే ఇల్లు దాటిపోయినట్టు". ఆమె చేతిలో పదహారు అని రాసుకున్న కాగితం కూడా మూడో రోజుకి అక్కర్లేకపోయింది. రైల్లో తలుపుల మీద తెరలు కూడా ఉంటాయి, తర్వాతి స్టేషన్ ఏదో, తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో చూపిస్తూ ఉంటాయి, అనౌన్స్‌మెంట్ జపనీసులో అయ్యాక ఇంగ్లీషులో కూడా వస్తుంది.

టికెట్ విషయంలో నాకు బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. పాస్మో, సుయికా అని కార్డులుంటాయి, డబ్బు వేసుకుని గేటు దగ్గర ఆనిస్తే చాలు, బస్సులకీ కొట్లలోనూ అదే కార్డు పనిచేస్తుంది, దాదాపు అందరూ అదే వాడతారు. కానీ కార్డు లేనివాడు, ఎంత టికెట్ తీయాలో తెలియనివాడు ఏం చేయాలి? అన్నిటికన్నా తక్కువ రేటు టికెట్ ఒకటి తీసుకుని ఎక్కేయొచ్చు. దిగిన చోట గేటుకి ముందు ఒక మెషీన్ ఉంటుంది, ఆ టికెట్ అందులో పెడితే ఇంకా ఎంత కట్టాలో చూపిస్తుంది, ఆ తేడా కట్టి బయటికి రావచ్చు. ఫైన్ లేదు, నిలదీసే మనిషి లేడు. టికెట్ తక్కువ తీసుకున్నవాడిని దొంగగా చూడకుండా తెలియనివాడిగా చూస్తారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మన దగ్గర స్టేషన్ దాటి దిగిపోయిన పల్లెటూరి పెద్దవాళ్లు టికెట్ కలెక్టర్ ముందు చేతులు జోడించి నిలబడటం ఎన్నోసార్లు చూశాను. ఆ మెషీన్ ముందు మొదటిసారి చిల్లర వేస్తుంటే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. 2019 నవంబరులో ఒక సాయంత్రం ఊళ్లోంచి తిరిగొస్తూ నా గుడ్డ సంచి రైల్లో పైనున్న రాక్ మీద వదిలేశాను. అందులో చదువుకునే కళ్లజోడు, బీపీ మాత్రలు, మనవడికి కొన్న రంగు పెన్సిళ్లు ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద దిగి రైలు కదిలిపోయాక చూసుకున్నాను. కింద గేటు దగ్గర కిటికీలో ఉన్న కుర్రాడికి చేతులతో చెప్పాను, అతను వెంటనే ఒక చిన్న ట్యాబ్లెట్ తీసి అందులో ఇంగ్లీషులో మాట్లాడమన్నాడు. ఎన్నింటికి దిగారు, ఎన్నో పెట్టె అని అడిగాడు. ప్లాట్‌ఫారం నేల మీద ప్రతి తలుపు దగ్గరా పెట్టె నంబరు, తలుపు నంబరు రాసి ఉంటాయి, రైలు కూడా సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగుతుంది. గార్డుని కాబట్టి అలవాటు కొద్దీ దిగిన టైము, పెట్టె, తలుపు అన్నీ నా బుర్రలో ఉన్నాయి, చెప్పేశాను. ఆ రైలు నిషి ఫునబాషి దాటి తోయో రాపిడ్ అనే వేరే కంపెనీ లైను మీదకి వెళ్లిపోయే రైలు. గంటన్నర తర్వాత అమ్మాయి ఫోనుకి కబురొచ్చింది, సంచి చివరి స్టేషన్ తోయో కత్సుతదాయ్‌లో భద్రంగా ఉందని. మర్నాడు వెళ్లి సంతకం పెట్టి తెచ్చుకున్నాను. పెన్సిళ్లతో సహా అన్నీ ఉన్నాయి. రెండు కంపెనీలు, రెండు లైన్లు, ఒక గుడ్డ సంచి. మన రైల్వేలో కూడా మంచివాళ్లు దొరికిన సామాను అప్పగిస్తారు, నేనే ఎన్నోసార్లు అప్పగించాను. అయితే ఇక్కడ అది ఒకరి మంచితనం మీద ఆధారపడలేదు, ఆ పని చేసే పద్ధతి తయారుగా ఉంది.

రైలు వెనకాల పెట్టెలో ఉండే కండక్టర్ గురించి చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేను. మన గార్డు లాంటివాడే. తోజాయ్ లైను మీద పది పెట్టెల రైలు ముందు ఒకడు నడుపుతాడు, వెనక ఒకడు తలుపులు చూసుకుంటాడు. రైలు ఆగగానే అతను కిందకి దిగుతాడు, చెయ్యి చాచి వేలితో చూపిస్తూ పైకి చెప్తాడు, తలుపులు మూశాక మళ్లీ వేలు చాచి చూసి చెప్తాడు, రైలు కదిలాక కూడా కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫారం దాటేదాకా చూస్తూనే ఉంటాడు. చూసేది, వేలితో చూపించేది, నోటితో చెప్పేది, మూడూ ఒకేసారి జరగాలి, దాన్ని వాళ్లు షిసా కాంకో అంటారు. జపాన్ రైల్వే పరిశోధన సంస్థ 1994లో దీని మీద పరీక్ష పెట్టి చూస్తే తప్పులు ఆరో వంతుకి తగ్గాయట. మన ఇంజిన్లో లోకో పైలట్, అసిస్టెంట్ కూడా సిగ్నల్ రంగు ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటారు, చెయ్యి కూడా చూపిస్తారు, నాకు కొత్త కాదు. కొత్తగా అనిపించింది ఏమిటంటే, ఎవరూ చూడని మధ్యాహ్నం మూడింటికి, ప్లాట్‌ఫారం మీద నేనూ ఇద్దరు ముసలమ్మలూ తప్ప ఎవరూ లేనప్పుడు కూడా, అతను ఉదయం ఎనిమిదింటికి చేసినట్టే చేశాడు. నేను చాలా సాయంత్రాలు పనేమీ లేకపోయినా ప్లాట్‌ఫారం వెనక చివర నిలబడి అదే చూసేవాడిని.

నా ఉద్యోగం మొదట్లో చాలా ఏళ్లు కేకే లైను మీద గడిచింది, కొత్తవలస నుంచి కిరండూల్. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరాక, బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి ఓడలెక్కించడానికే ఆ లైను వేశారు. 58 సొరంగాలు. ఎంప్టీ రేక్, అంటే ఖాళీ గూడ్సు బండి వెనకాల, గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో అరకు ఎక్కి, లోడు బండి వెనకాల ఘాట్ దిగి, రాత్రంతా ఒక్కడినే లాంతరుతో కూర్చుని ఎన్ని వందల సార్లు వచ్చానో. ఆ ఖనిజం చివరికి ఏ దేశం వెళ్తుందో అప్పుడు తెలుసు, కానీ ఆ దేశంలో ఒకరోజు నిలబడతానని అనుకోలేదు. నిషి కసాయ్ ప్లాట్‌ఫారం మీద మొదటి రోజు పట్టాలు చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాను. అల్లుడు "మామయ్య గారూ, రైలొచ్చింది" అని భుజం మీద చెయ్యేసేదాకా. వాళ్ల పట్టాల మధ్య దూరం మన కంటే చాలా తక్కువ, 1,067 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్ 1,676. ఆ సన్నటి లైను మీద అంత జనాన్ని మోస్తున్నారు.

ఆ జనం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ లైనుకి ఉన్న చెడ్డపేరు అదే. 2019లో తోజాయ్ లైనులో కిబా నుంచి మోన్‌జెన్ నకాచో మధ్య పొద్దుటి రద్దీ 199 శాతం అని అధికారికంగా లెక్కేశారు, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ రద్దీ ఉన్న లైన్లలో అది ముందుండేది. వాళ్ల ప్రభుత్వం ఈ శాతాలకి అర్థం కూడా చెప్పింది, 200 శాతం అంటే ఒళ్లూ ఒళ్లూ ఒత్తుకుని బాగా ఇరుకుగా ఉంటుంది కానీ వారపత్రిక అయితే ఎలాగో చదువుకోవచ్చు అని. నేను ఒకరోజు కావాలనే ఏడున్నరకి వెళ్లి ఎక్కాను. వారపత్రిక కాదు కదా జేబులో రుమాలు తీసుకోలేకపోయాను. అయినా ఎవరూ తోసుకోలేదు, ఎవరూ అరవలేదు, దిగేవాళ్లు దిగేదాకా ఎక్కేవాళ్లు పక్కకి రెండు వరసల్లో నిలబడ్డారు, దారిలో నిలబడ్డవాడు తనే కిందకి దిగి మిగతావాళ్లకి దారిచ్చి మళ్లీ ఎక్కాడు. 2024లో వెళ్లినప్పుడు కొంచెం ఊపిరాడింది, కరోనా తర్వాత ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఎక్కువయ్యారు. కొన్ని రైళ్లకి తలుపులే వెడల్పుగా చేశారు, 1.8 మీటర్లు, జనం త్వరగా దిగి ఎక్కడానికి. ఆడవాళ్లకి పొద్దున ఒక పెట్టె ప్రత్యేకంగా ఉంటుంది. పెద్దవాళ్లకి నా మాట, పొద్దున తొమ్మిదిన్నర దాటాక ఇల్లు కదలండి, సాయంత్రం ఐదు లోపు వచ్చేయండి. ఆ మధ్యలో కూర్చోడానికి సీటు దొరుకుతుంది.

పక్క స్టేషన్ కసాయ్‌లో రైల్వేవాళ్లు తప్పకుండా చూడాల్సినవి రెండున్నాయి. అక్కడ ప్లాట్‌ఫారం లైన్లు బయటి వైపు, ఆగకుండా పోయే లైన్లు మధ్యలో ఉంటాయి. మనం ఎక్కిన అన్ని స్టేషన్ల రైలు ప్లాట్‌ఫారం దగ్గర ఆగి ఉంటే వెనకాల నుంచి రాపిడ్ రైలు, అంటే కొన్ని స్టేషన్లలో ఆగని రైలు, మధ్య లైనులో దాటిపోతుంది. మన దగ్గర ప్యాసింజర్‌ని పక్కనున్న లూప్ లైనులో పెట్టి కోరమాండల్‌ ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చినట్టే, కాకపోతే ఇక్కడ ఆగేది కొద్ది నిమిషాలే. రెండోది ఆ వంతెన కిందే ఉన్న భూగర్భ రైలు మ్యూజియం. 1986లో పెట్టారు. ఆసియాలోనే మొదటి భూగర్భ రైలు టోక్యోలో 1927 డిసెంబరు 30న అసకుసా నుంచి ఉయెనో దాకా నడిచింది, ఆనాటి పసుపురంగు 1001 నంబరు పెట్టె అక్కడ నిలబెట్టి ఉంది. రైలు నడిపి చూసే సిమ్యులేటర్లు కూడా ఉన్నాయి, మా మనవడు దాని దగ్గర గంటన్నర ఉన్నాడు, నేనూ ఉన్నాను. సోమవారం సెలవు. అదే స్టేషన్ దగ్గర నేల కింద సైకిళ్ల పార్కింగ్ ఉంది, తొమ్మిది వేలకు పైగా సైకిళ్లు పడతాయి, చాలావాటిని యంత్రమే లోపలికి లాక్కుని మళ్లీ తెచ్చిస్తుంది.

ఊళ్లోంచి వస్తుంటే మినామి సునమాచి దాకా రైలు భూమి లోపలే ఉంటుంది, అది దాటగానే పైకొచ్చి అరకావా నది మీద వంతెనెక్కుతుంది. 1.2 కిలోమీటర్లకు పైగా పొడవు. చీకట్లోంచి ఒక్కసారి ఆకాశం, నీళ్లు కనపడతాయి, పెట్టెలో తల వంచుకుని ఫోన్ చూస్తున్నవాళ్లు కూడా కొందరు తలెత్తుతారు. మనకి గోదావరి బ్రిడ్జి మీద అయ్యేదే ఇదీ. ఈ వంతెన మీద 1978 ఫిబ్రవరి 28 రాత్రి సుడిగాలికి రైలు పెట్టెలు పడిపోయి జనానికి దెబ్బలు తగిలాయి. ఇప్పుడు గాలి ఎక్కువగా ఉంటే రైళ్లు నెమ్మదిగా నడుపుతారు లేదా ఆపేస్తారు. ఆలస్యమైన రోజు స్టేషన్‌లో ఆలస్యమైనట్టు చీటీ ఇస్తారు, అది తీసుకెళ్లి ఆఫీసులో చూపించుకోవచ్చు.

ఇక పేట గురించి. టోక్యోలో మన దేశంవాళ్లు అందరికన్నా ఎక్కువగా ఉండేది ఈ ఎడొగావా వార్డులోనే. ఎందుకు ఇక్కడే అంటే కారణాలు మామూలువే. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య వచ్చినప్పుడు మన ఇంజినీర్లని పిలిపించారు, వాళ్ల ఆఫీసులు, బ్యాంకులు ఎక్కువగా ఓతెమాచి, నిహోన్‌బాషి, కయాబాచో వైపు ఉన్నాయి, ఆ మూడూ ఇదే లైను మీద ఉన్నాయి, రైలు మారక్కర్లేదు, ఓతెమాచికి తొమ్మిది కిలోమీటర్లే. ఇంకా ముఖ్యమైనది ఇల్లు. జపాన్‌లో ఇల్లు అద్దెకి తీసుకోవాలంటే అడ్వాన్సు కాకుండా యజమానికి తిరిగి రాని కానుక డబ్బు ఇవ్వాలి, హామీదారు కావాలి, విదేశీయుడంటే కొందరు ఇవ్వనే ఇవ్వరు. స్టేషన్ దగ్గర యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అపార్ట్‌మెంట్లు పెద్దపెద్దవి ఉన్నాయి, వాటికి కానుకా వద్దు, హామీదారూ వద్దు. మావాళ్లు ఉండేది దక్షిణం వైపు అలాంటిదే, ఏడో అంతస్తు. 1970ల చివర్లో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ జగ్‌మోహన్ చంద్రాణి అనే టీ వ్యాపారి తర్వాత వచ్చిన ఇంజినీర్లకి ఇళ్లు చూపించి, అన్నం దొరికే చోటు కూడా పెట్టాడని ఇక్కడ అందరూ చెప్తారు. 2019లో యోగేంద్ర పురాణిక్ అనే మన దేశంలో పుట్టినాయన ఈ వార్డు సభకి ఎన్నికయ్యాడు కూడా.

సాయంత్రం ఆరింటికి ఆ అపార్ట్‌మెంట్ల మధ్య పార్కులో కూర్చుంటే తెలుగు వినపడుతుంది. మా ఆవిడకి మొదటి వారంలోనే గాజువాక నుంచి ఒకావిడ, శ్రీకాకుళం నుంచి ఒకావిడ దొరికారు. "ఏటమ్మా, మీరెప్పుడొచ్చారు" అని శ్రీకాకుళం ఆవిడ పలకరించగానే ఈమె ముఖంలో దిగులు సగం పోయింది. ఇండియా సరుకుల కొట్లలో కందిపప్పు, సోనా మసూరి బియ్యం, ఇంగువ, చింతపండు, ఆవకాయ సీసాలు అన్నీ ఉంటాయి. కరివేపాకు చిన్న ప్యాకెట్లలో ఖరీదుగా ఉంటుంది. కానీ మీరు మన దేశం నుంచి పచ్చి ఆకులు, కూరగాయలు, పళ్లు పట్టుకెళ్లకండి, ధ్రువపత్రం లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

ఆకుకూర కావాలంటే మామూలు జపనీస్ కొట్టులోనే కొమత్సునా కొనండి. ఇది ఈ వార్డు ఆకే. కొమత్సుగావా అనే ఊళ్లో పండేది, వేటకి వచ్చిన షోగున్ (అప్పటి జపాన్ పాలకుడు) తోకుగావా యోషిమునే అది తిని మెచ్చుకుని ఊరి పేరే దానికి పెట్టాడని కథ. కాడ కొంచెం గట్టిగా, ఆకు పాలకూరలా ఉంటుంది. మా ఆవిడ పప్పులో వేసింది, వెల్లుల్లి వేసి వేపుడు చేసింది, చింతపండు పులుసు కూడా పెట్టింది. పప్పు చాలా బాగుంది, వేపుడు కూడా బాగుంది, పులుసులో మాత్రం తోటకూరకి వచ్చే రుచి రాలేదు.

స్టేషన్‌కి ఉత్తరం వైపు నడిచి వెళ్లేంత దూరంలో గ్యోసెన్ పార్కు ఉంది. అందులో చిన్న జంతుశాల, టికెట్ లేదు. ఎర్ర పాండాలుంటాయి, పిల్లలు గినీ పందుల్ని ఒళ్లో పెట్టుకోవచ్చు. పక్కనే చెరువుతో జపాన్ పద్ధతి తోట. జంతుశాల కూడా సోమవారం మూత. ఏప్రిల్ మొదటి వారంలో షిన్‌కావా కాలవ గట్టున సకురా (చెర్రీ) పూలు విరిసినప్పుడు మూడు రోజులు వరసగా వెళ్లాం, మూడోరోజుకి రేకులు నీళ్ల మీద తేలుతున్నాయి. సముద్రం చూడాలంటే బస్సెక్కి కసాయ్ రింకాయ్ పార్కుకి వెళ్లాలి. 117 మీటర్ల ఎత్తు జెయింట్ వీల్, పెద్ద అక్వేరియం ఉన్నాయి. ఆర్కే బీచ్ లాంటి అలలు అక్కడ ఉండవు, టోక్యో అఖాతం నీళ్లు చెరువులా ఉంటాయి, ఆ ఇసుక కూడా మనుషులు పోసిందే. ఒకప్పుడు ఈ కసాయ్ తీరం మన జాలరిపేట లాంటిదే, చేపలు పట్టేవాళ్లు, నోరి అనే సముద్రపు నాచు పెంచేవాళ్లు. 1960లలో కాలుష్యం, పూడ్చివేతలతో ఆ బతుకుతెరువు పోయింది. తర్వాత తీరాన్ని కొంత తిరిగి బతికించారు, ఇప్పుడక్కడ పక్షులు దిగే చిత్తడి నేలని 2018లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఇంటికి దగ్గరలో అలల చప్పుడు వినే అలవాటున్నవాళ్లకి మాత్రం ఆ సముద్రం చాలదు, నాకు చాల్లేదు.

ఇల్లు తీసుకోబోయే పిల్లలు తప్పకుండా తెలుసుకోవాల్సినది నీళ్ల సంగతి. ఎడొగావా వార్డుకి ఒక పక్క అరకావా, ఇంకో పక్క ఎడొగావా నదులు, దక్షిణాన సముద్రం. పోటు వచ్చినప్పటి సముద్ర మట్టం కన్నా దిగువలో ఉన్న నేల దాదాపు 70 శాతం. 2019లో వార్డు ఆఫీసు వాళ్లు ఇంటింటికీ వరద మ్యాపు పంచారు, దాని అట్ట మీద పెద్ద వరద వస్తే ఇక్కడ ఉండకూడదు అని సూటిగా రాశారు. తమ వార్డు గురించి తామే అలా రాసుకున్నారు. ఆ మ్యాపు చూసి మా అమ్మాయిని నేను అడిగాను కూడా, ఇలాంటి చోట ఎందుకమ్మా అని.

ఆ ఏడే అక్టోబరు 12న హగిబిస్ తుఫాను వచ్చింది. తేదీ వినగానే నాకు ఒళ్లు జలదరించింది, హుద్‌హుద్ మన మీద పడ్డదీ అక్టోబరు 12నే, 2014లో. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను, చెట్లు, స్తంభాలు, రేకులు ఎక్కడివక్కడ పడి, కరెంటు లేక, తాగే నీళ్లు లేక రోజుల తరబడి ఎలా ఉన్నామో విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. టోక్యోలో మాత్రం రైళ్లు ఆపేస్తామని ముందు రోజే చెప్పేశారు, ఎవరూ స్టేషన్‌కి వచ్చి ఇరుక్కోలేదు. వార్డులో చాలామందిని ఇళ్లు వదిలి వెళ్లమన్నారు, దగ్గర్లోని బడులు తెరిచారు. పక్క అపార్ట్‌మెంట్ కింది అంతస్తులోని ఒక ముసలాయన, భుజాన సంచీతో, చేతిలో పిల్లి బుట్టతో వానలో బడి వైపు నడిచి వెళ్లడం బాల్కనీ నుంచి చూశాను. మేం పై అంతస్తులో ఉన్నాం కాబట్టి కదల్లేదు, స్నానాల తొట్టి నిండా నీళ్లు పట్టుకుని కూర్చున్నాం. రాత్రి అద్దాలు ఊగాయి. నది గట్టు దాటలేదు. జపాన్‌లో వేరేచోట్ల గట్లు తెగి చాలామంది చనిపోయారు, కాబట్టి ఇక్కడ ఏమీ కాలేదని ధీమా పడకూడదు. ఇల్లు తీసుకుంటే మూడో అంతస్తు పైన తీసుకోమని, ఆ మ్యాపు ఒకసారి చదవమని మీ పిల్లలకి చెప్పండి.

రెండోసారి వెళ్లినప్పుడు, 2024 మే 11, 12 తేదీల్లో, తోయోచో నుంచి నిషి కసాయ్ దాకా రైళ్లు పూర్తిగా ఆపేశారు. పక్కనున్న మినామి సునమాచిలో ప్లాట్‌ఫారం, లైను పెంచే పని, పట్టాలు పక్కకి మార్చాలి. ట్రాఫిక్ బ్లాక్ తీసుకోవడం, అంటే పని కోసం లైను మీద రైళ్లు ఆపించడం, ఎంత తలనొప్పో నాకు తెలుసు, మన దగ్గర నాలుగు గంటల బ్లాక్ దొరకడానికి నెలలు పడుతుంది, దొరికాక అది ఆరు గంటలవుతుంది. ఇక్కడ చాలా ముందు నుంచే స్టేషన్ నిండా కాగితాలు అంటించారు, ఏ దారిలో వెళ్లాలో బొమ్మలు గీసి పెట్టారు, ఆ రెండు రోజులూ మెగాఫోన్లు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. సోమవారం పొద్దున రైళ్లు నడిచాయి. నేను ఆ శనివారం మూడుసార్లు స్టేషన్‌కి వెళ్లొచ్చాను, చూడ్డానికే. ఊళ్లోకి రైళ్లు లేని ఆ రోజు, ప్లాట్‌ఫారం కింద, గేటు దగ్గర, తెలియక వచ్చిన ఒక తల్లికీ బిడ్డకీ ఒక ఉద్యోగి వంగి దారి చెప్పి, బస్సు దాకా తోడు వెళ్లి ఎక్కించి వచ్చాడు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, రాపిడ్ రైళ్లు ఇక్కడ ఆగవు, తోయోచో నుంచి నేరుగా ఉరయాసుకి పోతాయి. తెలియక రాపిడ్ ఎక్కితే నది దాటి, నిషి కసాయ్ కళ్ల ముందు నుంచే జారిపోతుంటే చూస్తూ ఉరయాసులో దిగి వెనక్కి రావాలి. మా ఆవిడకి ఒకసారి అదే అయింది, అయినా టీ 18 అని చూసి తనే ఎదురు ప్లాట్‌ఫారానికి వెళ్లి టీ 16కి వచ్చేసింది. ఇంకో ఇబ్బంది, ప్లాట్‌ఫారం మీద కూర్చునే కుర్చీలు తక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. బయట ఫుట్‌పాత్ మీద సైకిళ్లు మనుషుల పక్క నుంచే రివ్వున పోతాయి, అది మాత్రం జాగ్రత్త. చెత్తబుట్టలు ఎక్కడా కనపడవు, సంచిలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి.

మినామి సునమాచి పని ఇంకా పూర్తవలేదు, అక్కడ రెండు ప్లాట్‌ఫారాలు, మూడు లైన్లు వస్తాయి. అప్పుడు ఒక రైలు ఆగి ఉండగానే వెనకాల రైలు పక్క లైనులోకి రావచ్చు, పొద్దుటి ఆలస్యాలు తగ్గుతాయి. మూడోసారి వెళ్తే నేను ముందు దిగేది టీ 15లోనే.